పిన్నీసుల నడుమ పెన్‌డ్రైవ్

“ఊరికే కూచోని ఉండావు గదమ్మా, ఈ గింజలన్నా పితికెయ్యి” అంటూ వెంకటలక్ష్మమ్మ నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టింది.

వీణ ఊరికే కూర్చొని లేదు. ఇల్లు తుడిచి, బట్టలు ఆరేసి, కూతురు వర్షకు జడలు వేసి బడి వ్యాను ఎక్కించి, కింద అంగట్లో ఉన్న భర్తకు టిఫిను ఇచ్చి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒక్క నిమిషం గోడకు ఆనుకుంది. ఆ నిమిషమే అత్తగారి కంట పడింది. ఆ ఇంట్లో ఆడది చేసే పని ఎవరికీ కనబడదు గానీ, కూర్చుంటే మాత్రం వీధి చివరిదాకా కనబడుతుంది. వీణ గిన్నె ముందుకు లాక్కుంది. బొటనవేలితో గింజను నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. చింతామణిలో చలికాలమంతా ఆడవాళ్ళ వేళ్ళు ఈ పని మీదే ఉంటాయి. పొద్దంతా పితికిన పప్పు కూరై పళ్ళెంలోకి వస్తే మగవాళ్ళు తినడానికి పావుగంట పట్టదు. తిన్నాక ఉప్పు కాస్త తగ్గిందని చెప్పి లేస్తారు.

వేళ్ళు పితుకుతూనే ఉన్నాయి. వీణ చూపు మాత్రం పక్కన చేటలో ఒలవకుండా మిగిలిన కాయ మీద పడింది. చిక్కుడులాంటి లేతపచ్చ కాయ, ముక్కు దగ్గర చిన్న వంపు. ఒకదాని ముక్కు ఇంకొకదాని తొడిమకు ఆనేలా వరసగా పేర్చి, నడుమ నడుమ మల్బరీ ఆకు పెడితే? పట్టుచీరకు అంచు అవుతుంది. హంసలూ మామిడి పిందెలూ మోసి మోసి అలిసిపోయిన చీరలకు ఒక్కసారి అనపకాయ అంచు. ఆ ఊహకు ఆమెకు నవ్వొచ్చింది. “గింజల్ని చూసి నవ్వుతాండావేమి?” అంది అత్తగారు. “ఏం లేదత్తా” అంది వీణ.

ఇంటి కిందే వాళ్ళ హార్డ్‌వేర్ అంగడి. పైపులు, కొళాయిలు, మేకులు, పొలాలకు వేసే డ్రిప్పు సామాను. మధ్యాహ్నం ఆనంద్‌కుమార్ పైకి వచ్చి భోంచేసి కునుకు తీసే వేళ అంగట్లో కూర్చునేది వీణే. పెళ్ళైన కొత్తలో ‘కాసేపు చూసుకో’ అన్నాడు. ఆ కాసేపు ఏళ్ళుగా సాగుతోంది. ఏ పైపుకు ఏ ఎల్బో పడుతుందో, ఏ కొళాయి ఏ అరలో ఉందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా వచ్చిన వాళ్ళు గడపలో నిలబడి “సారు లేరామ్మా?” అంటారు. “నేనుండాను, ఏం కావాల?” అంటే “సారు ఎప్పుడొస్తారు?” అంటారు. సారు నిద్ర లేవడానికి ఇంకా చాలా టైముందని తెలిశాక, వేరే దారి లేక ఆమెనే అడుగుతారు. ఇక చుట్టాల ఇళ్ళలో ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, ఆనంద్‌కుమార్ తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: “ఏం జేస్తాది, ఇంట్లోనే ఉంటాది.”

చిక్కబళ్ళాపురంలో బీసీఏ చదివిన వీణకు ఆ మధ్యాహ్నాల్లో దొరికిన సుఖం ఒకటే, అంగడి కంప్యూటర్. ఎండ వేళ బజారంతా కునుకుతున్నప్పుడు బిల్లుల కిటికీని పక్కకు నెట్టి బొమ్మలు గీసేది. కాలేజీ స్నేహితురాలు సహన బెంగళూరులో పట్టుచీరలు నేయించే ఒక సంస్థలో పనిచేస్తోంది. ఒకరోజు ఫోనులో “మా మేడం కొత్త అంచుల కోసం వెతుకుతాండారే. నీ గీతలు బాగుంటాయి గదా, కొన్ని పంపు చూద్దాం” అంది. నచ్చితే చీర మీద కట్టే చీటీలో గీసినవాళ్ళ పేరు కూడా వేస్తారట. ఆ మాట వీణ లోపల దీపంలా కూర్చుంది. పెళ్ళిపత్రిక తర్వాత ఆమె పేరు ఎక్కడా అచ్చు కాలేదు. గ్యాసు పుస్తకం మీద భర్త పేరు, ఇంటి మీద మామగారి పేరు, వర్ష బడి చీటీల మీద తండ్రి సంతకం.

ఆనంద్‌కుమార్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి ఎత్తడు, పండక్కి చీర కొంటాడు. చెడ్డవాడు కాకపోవడమే పెద్ద ఘనకార్యంగా బతికే మగవాళ్ళలో ఒకడు. ఆ చలికాలం చివర్లో ఒకరోజు కంప్యూటర్ నెమ్మదించిందని మెకానిక్కును పిలిపించి మొత్తం ఫార్మాట్ చేయించాడు. తుడిచే ముందు బిల్లులన్నీ జాగ్రత్తగా తీసి దాచుకున్నాడు. మధ్యాహ్నం వీణ వచ్చి కూర్చుని చూస్తే ఆమె ఫోల్డర్ లేదు. అనపకాయ అంచు, గుడిబండె కొండ కోటగోడల కొంగు, మల్బరీ ఆకుల బుటాలు, ఏదీ లేదు. పైకి పరిగెత్తింది.

“ఏమండీ, అందులో నా డిజైన్లు ఉండె గదా. ఒక మాట అడగొచ్చు గదా.”

“డిజైన్లా?” అన్నాడు అన్నం కలుపుకుంటూ. “ఆ గీతలేనా? మళ్ళీ గీసుకుందువులే. ఊరికే గదా ఉంటావు.” ముద్ద మింగి ఇంకో మాట కలిపాడు. “ఇంగ నుంచి పాస్‌వర్డ్ పెట్టినాను. నీకు బిల్లులు వేసేది మాత్రం తెరుచుకుంటాది. కనబడిందంతా ఎక్కిస్తే బరువైపోతాది, పాపం, దానికి.”

కంప్యూటర్ మీద అతనికి ఎంత జాలో. వీణ ఆ రాత్రి ఏడవలేదు. ఏడుపు రానంత కోపం వచ్చింది, అంతే. పక్కన గురక పెడుతున్న మనిషిని చూస్తూ, నా పని ఇతని లెక్కలో దుమ్ము అనుకుంది. దుమ్మును ఎవరూ అడిగి దులపరు కదా.

కొన్నాళ్ళకు బాగేపల్లిలో పుట్టింటికి వెళ్తూ బస్సులో కూర్చున్నప్పుడు, కాలేజీలో కంప్యూటర్లు నేర్పిన మునిరత్నమ్మ మేడం గుర్తొచ్చింది. కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ముసలి కంప్యూటర్లే, సగానికి డిస్కులు పాడైపోయి ఉండేవి. మేడం ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, బటన్ నొక్కి, మొదట వచ్చే తెర దగ్గర కీబోర్డు మీద ఒక మీట తట్టేది. చచ్చిందనుకున్న కంప్యూటర్ లేచి కూర్చునేది. సిస్టమ్ మొత్తం ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉండేది. లోపలి డిస్కును నిద్ర లేపకుండా, తెరనూ కీబోర్డునూ మాత్రం వాడుకుని నడిచేది. పెన్‌డ్రైవ్ తీసేస్తే ఎవరూ వచ్చిపోయిన జాడ ఉండేది కాదు. “యంత్రం ఎవరిదన్నా కానీండి. అందులో నడిచేది మీదైతే ఎవురి పర్మిషనూ అడగాల్సిన పన్లేదు” అనేది మేడం. అప్పుడు పరీక్షకు వస్తుందేమోనని రాసుకున్న మాట. ఇప్పుడు బస్సు కిటికీ దగ్గర అది వేరేలా వినబడింది.

పుట్టింట్లో తమ్ముడు పునీత్ లాప్‌టాప్ అడిగి తీసుకుని, వీణ వేలిగోరంత పెన్‌డ్రైవ్ ఒకదానిలో సిస్టమ్ ఎక్కించింది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చేర్చింది. చింతామణికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, పైన భర్త గురక మొదలయ్యాక, అంగడి కంప్యూటర్‌కు గుచ్చి మీట తట్టింది. తెర నల్లబడింది. తర్వాత తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తాయి, ఆ పైన ఖాళీగా, శుభ్రంగా ఒక తెర తెరుచుకుంది. అనపకాయ అంచు మళ్ళీ గీసింది, మునుపటికంటే బాగా వచ్చింది. మర్నాడు తెరిస్తే ఏమీ లేదు. గీసింది దాచుకునే చోటు పెన్‌డ్రైవ్‌లో కేటాయించడం మరిచిపోయింది. రోజూ కొత్తగా లేచి, సాయంత్రానికి అన్నీ మరిచిపోయే సిస్టమ్ అది. అచ్చం వంటింటి పనిలాగే ఉందే అనుకుని ఒంటరిగా కూర్చుని నవ్వుకుంది. మళ్ళీ బాగేపల్లి వెళ్ళడానికి అమ్మకు కాళ్ళనొప్పులని ఒక వంక చెప్పి, ఆ లోపం సరిచేసుకుని వచ్చింది. ఈసారి తెర మీద గుడిబండె కొండ బొమ్మ పెట్టుకుంది. తెరవగానే ‘నమస్తే వీణా’ అని కనబడేట్టు చేసుకుంది. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పలకరించి, ఆ తర్వాత ఏ పనీ చెప్పని వస్తువు అదొక్కటే.

అప్పటి నుంచి ఎండవేళ ఆమెది. ఎవరైనా కొనడానికి వస్తే రసీదు పుస్తకంలో చేత్తో రాసిచ్చి, లేచే ముందు పెన్‌డ్రైవ్ తీసి, బిల్లులన్నీ భర్త కంప్యూటర్‌లోకి ఎక్కించేది. అతని డిస్కు మీద ఆమె ఒక్క చుక్క కూడా పెట్టలేదు. దాన్ని దాచే చోటు కోసం కూడా పెద్దగా ఆలోచించలేదు. ఆ ఇంట్లో బీరువా తాళాలు అత్తగారి నడుముకు, అంగడి తాళాలు భర్త జేబుకు. వీణకంటూ తాళం వేసుకునే అర ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా తాళికి వేలాడే పిన్నీసుల గుత్తి. వాటి నడుమ పెన్‌డ్రైవ్‌ను కూడా తగిలించింది.

వెంకటలక్ష్మమ్మ కన్ను పడకుండా ఉంటుందా? “ఏందమ్మా అది, తాయెత్తా?”

వీణ పిన్నీసుల గుత్తిని కొంగు చాటుకు నెట్టింది. “అట్లాంటిదే అత్తా.”

“యాడ కట్టించుకున్యావు?”

“బాగేపల్లిలో.”

“గుణం కనబడిందా?”

“కనబడతాండాదత్తా” అంది వీణ, తల వంచుకుని, నవ్వు దాచుకుంటూ.

అత్తగారు తృప్తిగా తల ఊపింది. పక్కింటామెతో మా కోడలు తాయెత్తు కట్టించుకున్నాక మొహంలో కళ వచ్చిందని కూడా చెప్పింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

వానాకాలం దాటి దసరా వచ్చింది. ఈలోగా వీణ గీసినవి సహనకు పంపింది. వాళ్ళ మేడం ఎందరివో అంచులు చూసి చివరికి రెండు పక్కన పెట్టింది. ఒకటి వీణది, ఇంకొకటి మైసూరులో ఎవరిదో. విజయదశమి నాడు మగ్గాల మీద కొత్త చీర ఎక్కించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ చీరకు ఎవరి అంచో పండగలోపు తేలాలి.

ఆయుధపూజకు ముందురోజు పొద్దున సహన ఫోను చేసింది. “మేడంకు నీ అంచే నచ్చిందే. అయితే కొంగులో కాయలు పెద్దవైనాయంట. చిన్నవి చేసి, రంగు కొంచెం దించి మధ్యాన్నం లోపల పంపాల. మధ్యాన్నం మగ్గాల కాడికి మనిషి పోతాడు. నీది రాకపోతే ఇంకోటి తీసుకుపోతాడు.”

మధ్యాహ్నం లోపల. భర్త నిద్రపోక ముందు, అందరూ మేలుకుని ఉండే వేళ. వీణ మెట్లు దిగేసరికి అంగట్లో పండగ శుభ్రత జోరుగా సాగుతోంది. “స్నానం కాని ఆయుధానికి బొట్టు పెట్టకూడదప్పా” అని తల్లి పట్టుబడితే, ఆనంద్‌కుమార్ తక్కెడలూ స్పానర్లూ కడిగి ఎండకు పెట్టాడు. ఆ ఊపులో కంప్యూటర్ డబ్బా మూత కూడా విప్పి, తడిగుడ్డ పిండి, ఇత్తడి చెంబు తోమినట్టు లోపలంతా తుడిచాడు. తుడిచి, ఆరబెట్టి, బటన్ నొక్కాడు. నల్ల తెర మీద డిస్కు కనబడలేదని ఒక తెల్ల గీత వచ్చి నిలిచిపోయింది. మెకానిక్కు పండక్కని మంచేనహళ్ళి వెళ్ళిపోయాడట, దశమి అయ్యాకే వస్తాడట.

“బిల్లులన్నీ పోయినట్లేనమ్మా” అంటూ ఆనంద్‌కుమార్ తల పట్టుకుని కూర్చున్నాడు. వెంకటలక్ష్మమ్మ కొడుకు వీపు నిమురుతూ నిలబడింది.

వీణ వంగి తెరిచిన డబ్బాలోకి చూసింది. డిస్కుకు తగిలి ఉండాల్సిన సన్నటి ఎర్ర తీగ ఊడి పక్కకు వేలాడుతోంది. అంతే జబ్బు. ఆమె చెయ్యి తనంతట తనే ఆ తీగ వైపు కదిలింది. అందరికీ వడ్డించి, మిగిలింది చివర్లో తినే అలవాటున్న చెయ్యి అది. ఇప్పుడు ఈ తీగ పెడితే అతని కంప్యూటర్ లేస్తుంది, అతను కూర్చుంటాడు, పండగ బేరాలు మొదలవుతాయి, మధ్యాహ్నం దాటిపోతుంది. మెచ్చుకుని ‘కాఫీ పెట్టు’ అంటాడు. అనపకాయలు మళ్ళీ గిన్నెలోకే పోతాయి. వద్దు. ఒక్కసారి, ఒక్క పూట, ముందు నేను తింటాను. చెయ్యి వెనక్కు తీసుకుంది.

“కొంచెం లెయ్యండి. నేను కూచోవాల” అంది.

ఎందుకో తెలియకుండానే అతను లేచాడు. వీణ కుర్చీలో కూర్చుని, తాళి పైకి తీసి, పిన్నీసుల నడుమ నుంచి పెన్‌డ్రైవ్ విప్పింది.

“తాయెత్తు తీస్తాండావేమ్మా పండగ పూట” అంది అత్తగారు కంగారుగా.

వీణ గుచ్చి, బటన్ నొక్కి, మీట తట్టింది. తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. గుడిబండె కొండ తెర నిండా లేచింది. ‘నమస్తే వీణా’ అంది తెర, అందరి ముందూ.

ఆనంద్‌కుమార్ ముందుకు వంగాడు. “ఇది మన కంప్యూటరేనా?”

“కంప్యూటరు మనదే. ఇప్పుడు నడుస్తాండేది నాది.”

“మరి నా బిల్లులు?”

“యాడికీ పోలేదు. తీగ ఊడింది, పెడతాను. ముందు నా పని అయిపోనీండి.”

“ఎంతసేపు?”

“మీరు రోజూ కునుకు తీసేటంతసేపు.”

ఇంతలో గడపలో ఒక రైతు వచ్చి నిలబడ్డాడు. సారు ఎదురుగానే ఉన్నారు కాబట్టి సారునే ఎల్బోలు అడిగాడు. సారు అరలన్నీ వెతికి, చివరికి వెనక్కు తిరిగి “యాడుండాయి?” అన్నాడు. “కింది వరసలో, ఎడమ పక్క” అంది వీణ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. కాయలు చిన్నవయ్యాయి. పచ్చ రంగు ఒక మెట్టు దిగి, తెల్లవారు మంచులో చేను రంగుకు వచ్చింది. వెనక ఎవరో పిలిచారు, పైన కుక్కరు కూతేసింది, వీణ లేవలేదు. కుక్కరు దించడానికి వెంకటలక్ష్మమ్మే మెట్లెక్కింది. మధ్యాహ్నానికి ఇంకా టైము ఉండగానే బొమ్మలు బెంగళూరు చేరాయి.

కాసేపటికి ఫోను మోగింది. “దశమి రోజు మగ్గం ఎక్కేది నీ అంచేనే. చీటీలో పేరు ఎట్ల వెయ్యాల, వీణా ఆనంద్‌కుమార్ అనా?” అని అడిగింది సహన.

“వీణ అని వెయ్యండి. చాలు.”

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. చలికాలంలో రాకుండా నిలిచిపోయినవి కూడా కలుపుకుని వచ్చాయి. వాటిని తుడుచుకోకుండానే పెన్‌డ్రైవ్ తీసి, ఎర్ర తీగను దాని చోట గుచ్చి, మూత బిగించి, బటన్ నొక్కింది. ఆనంద్‌కుమార్ బిల్లులు చెక్కు చెదరకుండా లేచి వచ్చాయి. అతను తెరనూ భార్యనూ మార్చి మార్చి చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి చేస్తాండావు ఇది?”

“మీరు నా గీతలు తుడిచేసినప్పటి నుంచి.”

“ఒక్కరోజు కూడా నాకు తెలీలేదే. యాడా జాడ లేదు.”

“ఈ ఇంట్లో నేను చేసే పని దేనికి జాడ ఉండాది, చెప్పండి?” అంది వీణ. గొంతు పెంచలేదు. ఆ మధ్యాహ్నం అతను నిద్రపోలేదు.

మర్నాడు పూజ. తక్కెడ, స్పానర్లు, స్కూటర్, కంప్యూటర్, అన్నిటికీ పసుపూ కుంకుమా పూలూ. ఆడవాళ్ళ ఆయుధాలని కత్తిపీట, మిక్సీ, గ్యాసు పొయ్యి కూడా వరసలో చేరాయి. పూజైన ఆయుధాన్ని ఆ రోజంతా ముట్టకూడదని నియమం. అంగడి తెరవరు, స్కూటర్ కదపరు. అయితే ఆ నియమం ఏనాడూ మెట్లెక్కి వంటింట్లోకి రాలేదు. హారతి చల్లారక ముందే కత్తిపీట మీది కుంకుమ తుడిచి గుమ్మడికాయ తరగడం ఏటా జరిగేదే. అత్తగారూ ఇన్నేళ్ళూ అంతే చేసింది, ఆమె అత్తగారూ అంతే.

వీణ తాళి నుంచి పెన్‌డ్రైవ్ విప్పి కంప్యూటర్ పక్కన పెట్టింది.

“తాయెత్తును ఆయుధాల్లో పెడతావేమ్మా?”

“తాయెత్తు కాదత్తా. నా ఆయుధం. నేను దీంతోనే పని చేస్తాను.”

వెంకటలక్ష్మమ్మ వేలు కుంకుమ భరిణలో ఆగింది. కోడలి మొహం కేసి చూసింది. నిన్న తెర మీద కోడలి పేరు చదివింది తనూ. తన పేరు మాత్రం ఏ తెర మీదా ఎప్పుడూ రాలేదు. “బొట్టు యాడ పెట్టాల, గుచ్చే ఈ నోటి కాడనా?” అంది.

“నోటి కాడ వద్దత్తా, వీపు మీద.”

వేలిగోరంత వీపు మీద చుక్కంత బొట్టు పెట్టి, ఒక పూరేకు కూడా ఉంచింది. హారతి అయింది. అలవాటు కొద్దీ వెంకటలక్ష్మమ్మ గుడ్డ తీసుకుని కత్తిపీట వైపు వంగింది. వీణ ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

“పూజైన ఆయుధం గదత్తా.”

అత్తగారు కత్తిపీటను చూసింది. మిక్సీని చూసింది, పూలు పెట్టుకుని కూర్చున్న పొయ్యిని చూసింది. చేతిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

“మరి మధ్యాన్నం భోజనానికెట్లమ్మా?” అన్నాడు ఆనంద్‌కుమార్.

వెంకటలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపుకుంది. పక్కన కాస్త చోటు చేసి, కోడలిని కూర్చోమన్నట్టు నేలను తట్టింది. “యాడన్నా హోటలు తెరిచుంటే చూసుకో పోప్పా” అంది కొడుకుతో. “మేమిద్దరం ఈ పొద్దు ఊరికే కూచుంటాం.”